మూడు కోణాల ముద్ద

హ్యామ్ మద్రాసు నుంచి వచ్చేది,
రాత్రి బస్సు డిక్కీలో, థర్మాకోల్ పెట్టెలో.
ఒంగోల్లో దిగి, చీమకుర్తి ఆటో ఎక్కి,
పెళ్లికొచ్చిన చుట్టంలాగా చెమటలు కక్కుతా.
ప్యాకెట్టు కోసి చూస్తే
గులాబీరంగు పొరలు, కట్టగట్టిన తమలపాకుల్లాగా.
"ఏందయ్యా ఇది?" అన్నా.
"హ్యామ్" అన్నాడు మాలకొండారెడ్డి, ముక్కు అటు తిప్పుకొని.
పందనలా.
మా వాడలో పొయ్యెక్కితే పంది,
ఆయన ఫ్రిజ్జులో పడుకుంటే హ్యామ్.
అయినా బాణలి మాత్రం వేరే కొనిచ్చాడు,
పొయ్యి పెరట్లో పెట్టించాడు.

గ్రానైటు కొనేదానికొచ్చినాయన పేరు హొరియూచి.
మా నోళ్లు తిరగలా. మూడోరోజుకే హోరయ్య అయినాడు.
పొద్దున్నే క్వారీకి పోయి
నల్లబండల మీద నీళ్లు చల్లించి
లోపలి చుక్కలు లెక్కబెట్టుకుంటాడంట.
వాళ్ల దేశంలో సమాధులకంట ఆ రాయి.
సాయంత్రం దుమ్ము దులుపుకొని
నా పొయ్యి ముందర గొంతుక్కూచునేవాడు.
భాష లేదు. గచ్చు మీద సుద్దముక్కతో బొమ్మలు.
కోడి, గుడ్డు, పంది, పక్కనొక బాణం.

గుడ్డు గిలక్కొట్టి అందులో చక్కెరేశాడు, ఓర్నాయనో!
హ్యామూ కీరకాయా పుల్లల్లాగా తరిగి
చుక్క వెనిగరు, చుక్క నల్లసీసా. అదే కూరంట.
ఒంగోలు బేకరీ రస్కులు నేను రోట్లో దంచితే
ఆ పొడిలో పొర్లించి వేయించాడు, మనం బజ్జీలు వేసినట్టే.
కానీ నూనె చప్పుడు వినమని చెవి చూపించాడు.
మొదట బరువుగా గొణుగుద్ది,
అయిందంటే తేలిగ్గా చిటపటంటది, అప్పుడు తియ్యాల.
ముప్పయ్యేళ్లు వండా.
నూనె మాటాడుద్దని నాకెవురూ చెప్పలా.
అలవాటుకొద్దీ చెయ్యి కారం డబ్బా మీదికి పోయేది.
ఆయన దగ్గేవాడు. దగ్గు తెలుగే.

కంచం పెడితే చేతులు జోడించి, తలొంచి
ఏందో గొణిగేవాడు.
ప్రార్థనే అనుకొని "ఆమెన్" అన్నా.
మూడు నెల్లూ అంతే.
ఆయన దిద్దలా, నేను మానలా.

అన్నం దగ్గరొచ్చింది చిక్కు.
పాత మొలగొలుకులు మల్లెమొగ్గల్లాగా పొడిపొడిగా దించితే
పుల్లల్తో ఎత్తబోయాడు. రాలిపొయ్యింది.
మళ్లా ఎత్తాడు. మళ్లా రాలింది.
నాకు నవ్వూ ఏడుపూ.
మర్నాడు కొత్తబియ్యం తెప్పించి
గంజి వార్చకుండా అత్తెసరు పెట్టా.
ముద్దయింది.

అన్నం ముద్దయినందుకే మా ఏసోబు
పెళ్లైన కొత్తల్లో కంచం గోడకేసి కొట్టాడు.
ఆ సొట్ట కంచం ఇంకా ఉంది, కోళ్లకు నూకలు పోస్తన్నా.
హోరయ్య ఆ ముద్ద చూసి లేచి నిలబడి
నడుం దాకా వంగాడు.
నాకేం చెయ్యాలో తెలీక నేనూ వంగా.
పొయ్యి మీద నూనె మాడింది.

తరవాత చెయ్యి తడుపుకొని, ఉప్పద్దుకొని
నడిమధ్య హ్యామ్ ముక్క దాచి
ముద్దని మూడు కోణాలుగా నొక్కటం నేర్పించాడు.
పైన నల్లనువ్వులు చల్లాడు.
తెల్లగా అన్నం, నల్లగా చుక్కలు.
నేను క్వారీ వైపు చెయ్యి చూపించా.
రాయిని తిరగేస్తే అన్నం.
అర్థమైందనుకుంటా, చేతిలో పట్టుకొని చాలాసేపు తినలా.
ఆ చుక్కల్రాయి ఎవురి కోసం ఏరాడో నేనడగలా.
అడగాలంటే గచ్చు మీద ఏం బొమ్మెయ్యాల?

పోయేరోజు కారెక్కుతా "ఆమెన్" అన్నాడు.

మిగిలిన అరప్యాకెట్టు పారెయ్యమన్నాడు రెడ్డి.
కొంగులో చుట్టుకొని ఇంటికి తెచ్చుకున్నా.
ఆ రాత్రి కావాలనే అన్నం ముద్ద చేశా.
కోళ్ల కాడ్నుంచి సొట్ట కంచం తీసి, బూడిదేసి తోమి,
మూడు కోణాల ముద్ద అందులో పెట్టి
ఏసోబు ముందరికి జరిపా.
అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.
ఏ కోణం కాడ కొరకాలో తెలీక
నా మొహం చూస్తా కూచున్నాడు.