ఐదున్నరకి నీళ్లు

మా పార్శీగుట్ట బస్తీ వెబ్‌సైట్‌లో ఇప్పటికీ మంగళవారమే.
ఎనిమిదేళ్ల కిందటి మంగళవారం.
"ఈరోజు సాయంత్రం ఐదున్నరకి నీళ్లు" అని
పైన ఎర్రక్షరాలు పాకుతూ పోతుంటాయి.
ఎవరూ ఆపలేరు.
పాస్‌వర్డ్ భూమయ్య సార్‌తో పాటే
బన్సీలాల్‌పేట శ్మశానానికి వెళ్లిపోయింది.

కొత్తది కట్టమని నాకు చెప్పారు.
ఛత్తాబజార్‌లో పెళ్లికార్డులు కంపోజ్ చేసేదాన్ని.
కుడి నుంచి ఉర్దూ, ఎడమ నుంచి తెలుగు
ఒకే కార్డులో గుద్దుకోకుండా నడిపిస్తానని
"నీకు కంప్యూటర్ వచ్చు గదమ్మా" అన్నారు.
వచ్చు అన్న మాట ఎంత పెద్దదో
రాత్రి పదకొండుకి తెలిసింది.

మూడు దింపుకున్నాను. మూడూ ఉచితం.
ఉచితం అనగానే రేషన్ డీలర్ అనంతయ్య నవ్వాడు:
"సంచి మాత్రం మనమే తెచ్చుకోవాలె."

వర్డ్‌ప్రెస్ సామాను సర్దిన అద్దె గది.
తలుపు తీస్తే మంచం, ఫ్యాను, గోడకి ఎవరిదో క్యాలెండరు.
గంటలో కాపురం పెట్టేశాను.
మర్నాటి నుంచి గోడకున్న ఒక్కొక్క మేకూ అప్‌డేట్ అడిగింది.
నీళ్ల పట్టికకి ఒక ప్లగిన్, ఉర్దూకి ఒక ప్లగిన్,
ఆ రెంటికీ పడక మధ్యలో ఇంకొకటి,
తోడికోడళ్లను సముదాయించే మేనత్తలాగా.

ద్రూపల్ ఇల్లు కాదు, ఇటుకల లారీ.
వాకిట్లో గుమ్మరించి నీ ఇష్టం అంటుంది.
ఎవరు చూడాలి, ఎవరు రాయాలి, ఎవరు చెరపాలి,
అన్నిటికీ గడులు. నాకు ఆ గడులు నచ్చాయి.
వాల్వు తిప్పే లింబాద్రికి ఒక్క గడి చాలు, నీళ్లు వదిలిన టైము.
ఆ ఒక్కటీ కట్టడానికి నాలుగు ఆదివారాలు పోయాయి.
ఐదో ఆదివారం మా ఆయన తనే అన్నం వండుకుని
"చుక్కన్నా కారిందా?" అన్నాడు.
ఆ పేరు పుట్టిన భాషలో దానికి చుక్క అనే అర్థమట.
చెప్పలేదు నేను.

జూమ్లా పేరు వినగానే
ముసలి మున్షీ ఖాదర్ నవాజ్ కళ్లద్దాలు సర్దుకున్నాడు.
"జుమ్లా! లెక్క కింద గీత గీసి రాసేది గద బేటీ,
అన్నీ కలిపితే వచ్చేది."
ఆయన ముఖం చూసైనా దాన్నే తీసుకోవాలనిపించింది.
రెండు భాషలూ దానికి పుట్టుకతోనే వచ్చు.
కానీ మెనూలో మెనూ, అందులో మాడ్యూలు,
బేగంబజార్ గల్లీల్లో వెనక్కొచ్చే దారి వెతుక్కున్నట్టు.

పాడైన పెళ్లికార్డు వెనక పట్టిక గీశాను.
వేగం, భద్రత, ఖర్చు, భాష. మార్కులు వేశాను.
జుమ్లా తీస్తే ఒకటి అటూ ఇటూ.

గురువారం తెల్లవారుజామున నాలుగుంబావు.
పైపు ముందు దగ్గింది, తర్వాత మాట్లాడింది.
ఎదురింటి షాహిదా ఒక చేత బిందె, ఒక చేత పగిలిన ఫోను,
పరీక్షకని నేను పెట్టిన పేజీ తెరిచి
తడి బొటనవేలితో రాసింది:
"నీల్లు వచినయ్"

పెళ్లికార్డులో అయితే దిద్దేదాన్ని.
చూస్తుండగానే గల్లీ చివరిదాకా
ఒక్కొక్క ఇంట్లో లైటు పడింది.
నా పట్టికలో ఆ తడి వేలికి గడి లేదు.

ఆ పేజీ వర్డ్‌ప్రెస్‌ది. మేకులతో సహా ఉంచేశాను.
తాళాలు మాత్రం ఆరు చేయించాను.
ఒకటి కాగితం మీద, మున్షీ ట్రంకుపెట్టెలో.

పాతది మూయిద్దామని భూమయ్య సార్ ఇంటికి పోయాను.
ఏటా సర్వర్ అద్దె నర్సుబాయే కడుతున్నదట,
పెన్షన్‌లోంచి, మెడికల్ షాపు పిల్లాడి చేత.
"కింద ఆయన పేరున్నది గద" అన్నది.
ఆయన ఫోను ఇంకా ఛార్జింగ్‌లోనే ఉంది.
దానికొచ్చే నాలుగంకెలతో
పాస్‌వర్డ్ మార్చడం నాకు రెండు నిమిషాల పని.

చాయ్ తాగి వచ్చేశాను.
కొత్తదాంట్లో అడుగున ఒక చిన్న లింకు పెట్టాను:
పాత నీళ్లు.