నలభై మూడో నోటు

ధర్మాబాద్‌ల పట్టాలవతల రెండర్రల ఇల్లు.
బయానా పైసల్ల
సాయవ్వ కొంగుముడి విప్పి ఇచ్చినయి కొన్ని,
బచత్ గట్టువి కొన్ని,
నూటికి మూడు మిత్తికి ముకద్దం ఇచ్చినయి మిగిలినయి.
కట్టకేసిన రబ్బరు బ్యాండు నాది.

భుజంగరావు వేలు తడుపుకుంట లెక్కపెడుతుండు.
నలభై మూడో నోటు కాడ
గట్టిగ తుమ్మిండు.
మిరప గిర్నీల పనిచేసేటోళ్ళం,
ఎవరి చేతి కారమో.

"తుమ్ముడైంది, జరసేపు ఆగుదాం" అన్నడు మా ఆయన.
ఆగినం. నీళ్ళిచ్చిన్రు, తాగినం.
శకునం ఆగుమంటే మనిషి ఆగుతడు,
మిత్తి ఆగుతదా?

ఊకె కూసోలేక గోడ చూసిన.
క్యాలెండరు కింద పెచ్చు లేచింది.
సున్నమేస్తే పోతది.
మేకు మాత్రం గట్టిగున్నది.

రసీదు మీద ఏలుముద్ర పెట్టేముందు
అదొక్కటే అడిగిన:
"పోయేటప్పుడు ఆ మేకు పీక్కపోరు గద?"