ఎర్రసుక్క

డాబాగార్డెన్స్‌లో రెండో అంతస్తు, లిఫ్టు లేదు.
ఏసీ నీళ్లు బొట్లుబొట్లుగా పడే ప్లాస్టిక్ బకెట్టు పక్కన
నా కంప్యూటరు, నా ఇరవైరెండు రకాల నీలాలు.
గరికిన మసేనమ్మ మెట్లెక్కి వచ్చి
చెప్పులు బయటే విడిచి
కుర్చీ అంచున కూచుంది,
తెప్ప అంచున కూచున్నట్టు.

"రొయ్యల పచ్చడెడతన్నాను బాబూ.
సీసా మీద ఏదో ఒక బొమ్మ ఉండాలంట,
బ్యాంకోలు సెప్పినారు."

ఏదో ఒక బొమ్మ!
ఆ మాటకి లోపల చివుక్కుమంది.
ఆ చివుక్కుతోనే వారం తిరక్కుండా పదకొండు గీశాను.
కిరీటం పెట్టుకున్న రొయ్య.
అలల మీద ఈలేస్తున్న రొయ్య.
కైలాసగిరి, రోప్‌వే, సూర్యోదయం
ఒకే చుట్టులో కుక్కితే
మధ్యలో ఊపిరాడని రొయ్య.

ఆవిడ కళ్లు చికిలించింది.
లేచి, గోడదాకా వెనక్కి నడిచి
అక్కణ్ణించి చూసింది.
గది చాల్లేదు.
"ఇంకాస్త దూరం కావాల. నాతోటి రా."

పెదజాలరిపేట. ఇంకా తెల్లారలేదు.
ఇసకలో ఎండు నెత్తళ్ల వాసన.
దక్షిణాన కొండ మీద లైట్‌హౌసు
తన రెప్ప తను వేస్తోంది, ఎవరి లెక్క కోసమో.

వెలుగు వచ్చాక "అద్దిగో" అంది.
నాకు నీళ్ల మీద నలకలు కనిపించాయి, అంతే.
"మాయాయన తెప్ప.
ఎర్ర సుక్క, దాని కింద ఏటవాలు తెల్లగీత.
మా మావ ఏసిన గురుతు.
నలబై తెప్పలొచ్చినా అదొక్కటే
నన్ను పేరెట్టి పిలిసినట్టుంటది.
అది అవుపడ్డాకే నాను గంప ఎత్తుకుంతాను."

నా కిరీటాలన్నీ ఆ ఇసకలోనే రాలిపోయాయి.

ఆ రాత్రి గీయలేదు, చెరిపాను.
నీడ తీశాను. బంగారు అంచు తీశాను.
సూర్యుణ్ణి దించేశాను.
మీసాల దగ్గర మాత్రం చాలాసేపు ఆగిపోయాను;
ఎంత కష్టపడి గీశానో అవి!
తెల్లారేసరికి మిగిలింది
వంగిన ఒక గీత, కొసన ఒక ఎర్ర చుక్క.
రొయ్య అనుకుంటే రొయ్య.
తెప్ప అనుకుంటే తెప్ప.

"గీతా సుక్కా! దీనికా ఎనిమిది వేలు?"
కొడుకు ఎల్లాజీ నవ్వాడు.
నిజమే, గీసింది గీతే.
చెరిపినవాటికి బిల్లెలా రాయాలో నాకూ తెలీదు.

మసేనమ్మ మాట్లాడలేదు.
సీసాని నా కిటికీలో పెట్టి
మెట్లు దిగి, రోడ్డు దాటి,
అవతల టీ బడ్డీ దగ్గర నిలబడి
ఆటోల మధ్యనుంచి
చెయ్యెత్తింది.

ఏడాది గడిచింది.
పూర్ణా మార్కెట్లో ఒక ముసలామె
చిల్లర లెక్కపెట్టుకుంటూ "ఎర్రసుక్కది ఇయ్యి" అనడం
నా చెవులతో విన్నాను.
ఆ పేరు సీసా మీద ఎక్కడా లేదు.
నేను పెట్టలేదు, మసేనమ్మా పెట్టలేదు.

మొన్న ముసుర్లో ఒక దఫా పచ్చడి బూజు పట్టింది.
డెబ్బై సీసాలు.
నేను వెళ్లేసరికి వాకిట్లో వేణ్ణీళ్ల తపేలా.
ఒక్కో సీసా ముంచుతోంది,
ఒక్కో లేబులూ గోటితో ఒలుస్తోంది.

"పారబోసేదానికి ఇంత పనెందుకు పెద్దమ్మా?"

"పచ్చడి పోతే పోనీ బాబూ.
ఈ గురుతుతోటి సెత్తలో ఎవులికైనా అవుపడితే…"

మిగతా మాట తపేలాలోనే ముంచేసింది.

నేనూ గొంతుక్కూచుని ఒక సీసా అందుకున్నాను.
నా బొమ్మని నా గోటితో ఒలవడం అదే మొదలు.
గీత సులువుగానే వచ్చేసింది.
చుక్క రాలేదు.
గోటి కింద ఎర్రగా
రెండ్రోజులు ఉండిపోయింది.