మూడువందల పదిహేను

అహేరో వరిమళ్ల పక్కన రేకుల ఇల్లు.
తెల్లారకముందే నేలంతా తెల్లదుప్పట్లు పరిచి
మందు కొట్టి, తలుపు మూసి,
పది నిమిషాలు బయట నిలబడ్డాం.
"ఇంత తెల్లటి గుడ్డ నా పెళ్లికి కూడా పరవలేదు"
అంది పెద్దావిడ, జొన్నగంజి కలుపుతూ.
ఇక్కడ ఎవరూ ఆమెను పేరు పెట్టి పిలవరు.
న్యార్ అలేగో అంటారు, అలేగో ఆడపడుచు అని.
పుట్టింటి ఊరే ఆమె పేరు.

దుప్పటి మీద ఇరవై మూడు.
భూతద్దం కింద అన్నీ ఒకే తానులో ముక్కలు:
అవే మచ్చల రెక్కలు, అవే చారల కాళ్లు,
కడుపులో ఎవరిదో నెత్తురు.
ఇంతవరకూ నడిపించిన పుస్తకం
ఇక్కడ చేతులు దులుపుకుంటుంది.
ఒక రకం మనిషి కోసం మంచం దాకా వస్తుంది.
ఇంకో రకానికి గొడ్డు చాలు,
మనిషి దొరికితే కాదనదు.

కిసుములో మా ల్యాబు.
ఒక్క కాలు చాలు డీఎన్ఏకి.
తుంచి గొట్టంలో వేస్తాను, ఊపిరి బిగబట్టి,
తుమ్మితే ఎగిరిపోయేంత కాలు మరి.
వేడి, చల్లార్పు, మళ్లీ వేడి, ముప్పై సార్లు.
పైకి ఏమీ పొంగదు.
లోపల కంటికానిది రెట్టింపు, రెట్టింపు.
కరెంటు రెండుసార్లు పోయింది.
ఒసీర్ జనరేటర్ని తిట్టాడు, తన్నాడు,
చివరికి బతిమాలాడు.

దీపం వెయ్యగానే జెల్లో గీతలు.
మూడువందల తొంభై అయితే మంచం దాకా వచ్చేది.
మూడువందల పదిహేను అయితే రెండోది.
ఇరవై ఒకటి మూడువందల పదిహేను దగ్గరే ఆగాయి.
ఒకటి తొంభై.
ఇంకొకటి ఏమీ చెప్పలేదు.
నాకు రాత్రంతా అదే గుర్తొచ్చింది.

కాగితం పట్టుకుని మళ్లీ వెళ్లాను. సాయంత్రం.
ఆమెకు అంకెలు అక్కర్లేదు.
"తెర కట్టాను. నాలుగు వైపులా పరుపు కిందికి దోపాను.
అయినా ఒగుటుకి రెండుసార్లు జ్వరం.
చిల్లు ఎక్కడుందో చెప్పు, కుట్టుకుంటాను."

కాసేపు నాకు నోరు పెగల్లేదు.

చిల్లు తెరలో లేదమ్మా.
నువ్వు పడుకునేదాకా ఆగే రకం కాదిది.
ఆవుని కట్టేసి, ఆరుబయట పొయ్యి రాజేసి,
చేప తిరగేస్తూ కథ మొదలుపెడతావే,
వీడు నీ ఒళ్లో తలపెట్టి
కాళ్లు బార్లా చాపుకుని వింటాడే,
అప్పుడొస్తుంది.

ఆమె పొయ్యి వైపు చూసింది, ఇంట్లోకి చూసింది.
లోపల పొగ, ఉక్క.
ఏమీ అనకుండా భుజం మీది లెసో తీసి
పిల్లాడి కాళ్లకి చుట్టింది,
పాదాల కింద అంచులు దోపింది,
తెర దోపినట్టే.

చేప ఒకవైపు మాడింది.
"తర్వాత కుందేలు ఏమంది?" అన్నాడు వాడు.