మృగశిర నాటి జాడీ

బొల్లారంలో మా ఇంటామె ఫిలోమినమ్మకు
ఉన్నది ఒక్కటే ద్రాక్షతీగ.
కొంపల్లి దిక్కు తోటను కొట్టేసిన ఏడు
అక్కడ కత్తెర పట్టిన బాలశౌరి
తడిగుడ్డల చుట్టి తెచ్చిన జానెడు కొమ్మ.
తోట జాగల ఇప్పుడు ఫంక్షన్ హాలు.
కొమ్మ నా మణికట్టంత లావైంది,
సైకిల్ ట్యూబుతోటి పందిరికి కట్టేసి ఉంటది.

అనాబ్‌షాహి. పొడుగు పండు, పల్చటి తోలు,
ఎండకు పట్టి చూస్తే లోపల విత్తనం నీడ.
ఆమె అమ్మదు. పిల్లలు రాళ్లేస్తే తిడుతది,
తిట్టినంక ఒక గుత్తి ఇస్తది.
మిగిలిందంతా జాడీకే.

చేత్తోనే పిసుకుతది. మిక్సీల వేస్తే
విత్తనం పగిలి చేదెక్కుతదట.
చక్కెర, గుప్పెడు గోధుమలు, చిటికెడు ఈస్టు,
మూతికి పాత ధోతి ముక్క.
లవంగం వద్దు, దాల్చినచెక్క వద్దు:
"కంపు కప్పుకునేటోళ్లకు గావాలె అవి.
నా దానికి దాచేదేముంది?"

రాత్రుళ్లు మెట్ల కింద జాడీ గొణుగుతుంటది.
నేను నీళ్ల లాబ్‌ల పనిచేస్తా,
ఒకనాడు రంగు కాగితం ముంచి చూసిన.
మూడుంబావు.
"పులుపని చెప్పనీకె కాగితమెందుకు,
నా వేలు చెప్తది" అన్నది.
నలభై ఏండ్ల సంది ఆమె కొలత అదే:
చూపుడువేలి కొస, నాలుక కొస.
అంతకు మించి గొంతు దిగనియ్యలేదు ఎన్నడూ.
పిసుకుడు ఆమెది, తాగుడు ఆయనది.

బాలశౌరిది ఒకటే శాస్త్రం:
మృగశిర నాడే మూత తియ్యాలె,
పక్కన కొర్రమీను ఉండాలె.
ఉప్పు, పసుపు, ఇంత మిరియం, అంతే.
నిమ్మకాయ పిండబోతే చెయ్యి పట్టుకునేటోడట,
"గ్లాసుల ఉన్నదేంది మరి?"

బిర్యానీతోటి ఓసారి పెట్టి చూసిండ్రట.
బిర్యానీ ఇంకొకరిని మాట్లాడనిస్తదా,
పెండ్లి బారాత్ లెక్క, అంతా దాని బ్యాండే.
మిర్చీ సాలన్ తిని తాగితే
పల్లీ, నువ్వులు నాలుక మీద దుప్పటి కప్పినయట.
పచ్చిపులుసుతోటి మాత్రం అడగొద్దు,
పులుపూ పులుపూ, ఇద్దరు తోటికోడండ్లు, ఒక్క నల్లా.

ఈ మృగశిరకు మార్కెట్‌కు నన్ను పంపింది.
మూడేండ్ల సంది ఆ పని చేసెటోడు లేడు గదా.
కొర్రమీను కిలో ధర విని
ముందు నవ్వొచ్చింది, తర్వాత సంచి చూసుకున్న.
లైన్ల నా ముందు ఇరవై మంది ఉండంగనే
తొట్లె నీళ్లే మిగిలినయి.
ఆ నీళ్ల సంగతి నేను చెప్పగలను గానీ
అక్కడెవరడిగిండ్రు?

ఖాళీ సంచి చూసి ఏమనలేదామె.
బియ్యప్పిండిల ఉల్లికాడ, నువ్వులు,
నానిన శెనగపప్పు, కరివేపాకు, కారం.
గిన్నె అడుగున వత్తి, వేలితోటి బొక్కలు పెట్టి
ఒక్కో బొక్కకు ఒక్కో నూనె చుక్క.
సర్వపిండి.
సాలన్‌ల ఆగం చేసిన ఆ నువ్వులే
ఇక్కడ కాలి మర్యాద నేర్చినయి.

జాడీ మూత తీసింది.
గంజి మీద తేరిన తేట రంగు.
గ్లాసులు రెండు. నేను మళ్ల లెక్కపెట్టిన, రెండే.
ఒకదాని మీద బాలశౌరి పేరు చెక్కి ఉంది,
అది తన ముందర పెట్టుకుంది.

వేలు ముంచబోయి, ఆగి,
గ్లాసెత్తి తాగింది.
సర్వపిండి అంచు విరిచి నమిలింది. కరకర.
మళ్ల తాగింది.
ఎదురింట్ల కుక్క మొరిగి, అలిసి, పడుకున్నది.

"చేప, చేప అని సంపిండు" అన్నది ఆఖరికి.
"దీనికి గావాల్సింది ఇది. అంచు.
నలభై ఏండ్లు తప్పు కూర వండిన్నా?"

నేనేం చెప్పను. నా కాగితం పులుపు దాకనే.

"వచ్చే మృగశిరకు గూడ నువ్వే పో చేపకు" అన్నది,
గ్లాసు నా దిక్కు జరుపుతూ,
"జర ఆలస్యంగ పో."
గిన్నె అడుగున మాడిన ముక్క మాత్రం
నాకియ్యలేదు.