తరుగు ఖాతా

పరకాల డిగ్రీ కాలేజీల, బీకాం రెండో ఏడాదికి
తరుగుదల చెప్తున్న.
యంత్రం ఖరీదు లక్ష, ఆయుష్షు పదేండ్లు,
ఏటా పదివేలు కొట్టెయ్యాలె.
యంత్రం తిరుగుతనే ఉంటది,
పుస్తకంల మాత్రం కొంచెం కొంచెం చచ్చిపోతది.

మూడో బెంచీల ఓదెల సారిక లేచింది.
"సార్, మా నాయిన వడ్లకు గూడ తరుగు దీసిండ్రు.
బస్తాకు రెండు కిలోలు.
వడ్లకు ఆయుష్షు ఎన్నేండ్లు రాయాలె?"

క్లాసు నవ్వింది.
నేను సుద్దముక్క వెతుక్కున్న.

మాది అవుసలి ఇల్లు.
ఆ మాట నాకు బడి కన్న ముందు తెలుసు:
పుస్తెలతాడుకు ఇంత మజూరి, ఇంత తరుగు.
ఆకురాయి కింద రాలిన పొడి
కుంపటి బూడిదల కలిసేది.
రెండు నెలలకోసారి ఒకామె వచ్చి
వాకిలి ఊడ్చి, మోరిల మన్ను గంపకెత్తుకొని
ఏ వాగులనో కడిగి, పాదరసం పోసి
మా తరుగును ముక్కుపుల్లంత చేసి అమ్ముకునేది.
ఆమె పేరు ఎవ్వరికీ తెల్వదు.
మన్నామె అనేటోళ్ళం.

స్టాఫ్ రూంల అడిగిన.
కెమిస్ట్రీ భద్రయ్య సార్ టిఫిన్ డబ్బ మూసి అన్నడు:
"ద్రవ్యరాశి యాడికి పోదు.
తేమ ఆరితే ఆవిరైతది, ఆవిరికి గూడ బరువుంటది.
మూత పెట్టి తూచు, లెక్క కుదురుతది."
కాంటా కాడ మూత ఎవరు పెడ్తరు సార్?

లెక్కల నస్రీన్ మేడం
పాత హాజరు కాయితం మీద ఒక గీత గీసింది.
కిందికి, ఇంకా కిందికి,
సున్నాను తాకకుంట.
"తరిగి తరిగి గూడ తరగనిది ఇది" అన్నది.
నాకు ఐలయ్య పొలం యాదికొచ్చింది.
సారిక వాళ్ళ నాయిన.
ఎకరన్నర.

ఇంటికొస్తే అమ్మ బీరకాయ తరుగుతుంది.
చెక్కు పారెయ్యదు,
రేపటికి తొక్కు నూరుతది.

తెల్లారి బోర్డు మీద రాసిన:
ఎనభై నాలుగు బస్తాలు, బస్తాకు రెండు కిలోలు,
నూట అరవై ఎనిమిది కిలోల తరుగు.
చిట్టా పద్దు రాయండి.
పోయినోని పేరు ఒక దిక్కు,
వచ్చినోని పేరు ఇంకో దిక్కు.
రెండు దిక్కులు లేని పద్దు ఉండదు,
మొదటి రోజే చెప్పిన గదా.

అందరు ఏదో ఒకటి రాసిండ్రు.
నష్టం ఖాతా అని, వాతావరణం అని,
ఒగడు దేవుని ఖాతా అని.
సారిక మొదటి దిక్కు నాయిన పేరు రాసి
రెండో దిక్కు గీత గీసి ఖాళీగ ఇడిసింది.

ఆ నోటుబుక్కు ఇంకా నా సంచిలనే ఉన్నది.
తప్పు పెట్టలేదు,
రైటు గూడ పెట్టలేదు.