ఏటవాలు

పంటు మీద తాళ్ళు విసిరే పనికి కూడా
ఈత వచ్చినట్టు కాగితం కావాలన్నారు ఈ ఏడాది.
సఖినేటిపల్లి రేవులో ఇరవై తొమ్మిదేళ్ళుగా
పొద్దున్నే మొదటి పంటు కట్టు విప్పేది నేనే.
పాటదారు గుమాస్తా తలొంచుకుని అన్నాడు:
"నాకు తెలుసు నర్సూ. కాగితానికి తెలీదుగా."

దరఖాస్తులో ఒక గడి: ఈత ఎక్కడ నేర్చుకున్నారు.
ఇంకో గడి: నేర్పినవారి అర్హత.
ఎనభై ఆరు వరద అని రాయాలా?
అరటిబోదె అని రాయాలా?
నా జుట్టు గుప్పిట పట్టి
"తల ముంచకురా, ఒడ్డు చూసుకో" అని
రాత్రంతా అరిచిన అమ్మకి అర్హతేం రాయను?
రెండు గళ్ళూ వదిలేశాను.
వదిలేస్తే చెల్లదన్నాడు జిరాక్సు కొట్టు కుర్రాడు.
వాడే ఏదో రాశాడు, పది రూపాయలు తీసుకుని.

కాకినాడ వెళ్ళాను.
వైనతేయ మీంచి, గౌతమి మీంచి,
రెండు పాయలూ బస్సు టిక్కెట్టుతో దాటాను
ఈత పరీక్షకి.
ఎదుర్లంక వంతెన మీద కిటికీలోంచి చూస్తే
పాటు తీస్తోంది ఏరు.
కింద ఎవరో వల దులుపుతున్నాడు.
వాణ్ణెవరూ ఏమీ అడగటం లేదు.

ఆ కొలను నీలం పలకలది.
అడుగు కనిపించే నీళ్ళు అంత లోతున నేనెప్పుడూ చూళ్ళేదు.
నలభై ఏడేళ్ళ వయసులో,
ఆరేళ్ళ పిల్లలు బాతుల్లా దూకుతున్న చోట,
నాకు కాళ్ళు వణికాయి.
లుంగీ కుదరదన్నారు. నిక్కరు అద్దెకిచ్చారు.
తలకి రబ్బరు టోపీ,
ఆవకాయ జాడీకి వాసెన కట్టినట్టు.

ఈల ఊదింది చందన మేడం. మా చిన్నదాని ఈడు.
దూకాను.
నీళ్ళు ఊరుకున్నాయి.
తొయ్యలేదు, లాగలేదు, అడుగున సుడి లేదు,
ఎటు పోవాలో వాటికే తెలీదు.
నేను నాకు తెలిసినట్టే ఈదాను:
ఎదుటి రేవు కావాలంటే
పై రేవుకి గురి పెట్టాలి. మిగతాది ఏరు చూసుకుంటుంది.
ఇక్కడ ఏరు లేదు.
గురి పెట్టిన చోటికే పోయాను, ఏటవాలుగా,
తాడు కిందనుంచి పక్క వరసలోకి,
అక్కణ్ణించి ఆ పక్కకి.
ఎవరో పిల్లాడి మోకాలు నా డొక్కలో తగిలింది.
గట్టు మీద నవ్వులు.

"తిన్నగా రావాలి. ముఖం నీళ్ళలో పెట్టాలి.
తల అలా ఎత్తి ఈదకూడదు," అంది మేడం.
"ముఖం ముంచితే మునిగేవోడు కనపడడు కదమ్మా."

ఆ పిల్ల ఏమీ అనలేదు.
ఈల దారం వేలికి చుట్టుకుంది, విప్పింది.
"ఎప్పుడైనా ఎవరినైనా..." అని ఆగింది.
"ముగ్గురు," అన్నాను. "నలుగురు కావాల్సింది."
మళ్ళీ ఈదమంది.
ఈసారి తాడునే ఒడ్డు అనుకున్నాను.

కాగితం ఇచ్చారు. గుండ్రటి ముద్ర,
తిరుమాని వెంకటనర్సు అని నా పేరు, పొల్లుపోకుండా.
అడుగున చేతిరాత: "తల ఎత్తి ఈదును."
తప్పు పట్టిందో మెచ్చుకుందో అడగలేదు.
తడవకుండా లామినేషన్ చేయించాను, ముప్పై.

చీకటి పడ్డాక ఇల్లు చేరితే
అమ్మ నా తల వాసన చూసింది.
"ఇదేం కంపురా. ఏటిది కాదు."
కాగితం చేతికిస్తే
తిరగేసి పట్టుకుని, ముద్రని బొటనవేలితో తడిమి,
"ఎంత ఈదించారు?" అంది.
"యాభై మీటర్లు."
"అంటే?"
"మన గుమ్మం నుంచి ఐసు ఫ్యాక్టరీ గోడ దాకా."
"దానికి కాకినాడ ఎందుకు?"

రేవులో దిగాను,
టోపీ గీత ఇంకా నుదుటి మీద ఉండగానే.
కాగితం మెట్టు మీద, ఎగిరిపోకుండా చెప్పు పెట్టి.
పోటు మొదలైంది.
నడుం దాకా రాగానే ఏరు నన్ను పక్కకి నెట్టింది.
నెట్టనిచ్చాను.